వంకర క్లిప్పునకు కంప్యూటరు నమూనా

మందు చల్లు స్ప్రేయరు చక్కగా పనిచేయుచుండగనే, దాని ప్రక్కన చిమ్ముగొట్టమును పట్టియుంచు ప్లాస్టిక్కు క్లిప్పు విరిగిపోవుట కద్దు. అట్టి క్లిప్పు విడిగా దొరకుట అరుదు. త్రాడుతో కట్టి కొన్నాళ్లు గడిపి, తుదకు యంత్రమునే మూలపడవేయుదురు. ఇట్టి భాగమును తిరిగి చేయించుకొను మార్గము నేడు కలదు. కంప్యూటరుపై నమూనా గీయుట అందుకు మొదటి మెట్టు. దీనినే క్యాడ్ అందురు. ఈ పద్ధతిని పంచాయతీ సభ్యులు తెలిసికొనినచో, గ్రామమందలి ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యార్థులకు పని అప్పగించుట సులభమగునని మా తలంపు.

తిన్నని పలకను గీయుటకు పొడవు, వెడల్పు, మందము చాలును. వంకర వస్తువునకు అవి చాలవు. మోటారు కార్ల తయారీలో ఇదే చిక్కు ఎదురైనది. ఫ్రాన్సు దేశమున 1959లో సిట్రోయెన్ సంస్థయందు పాల్ ద కాస్తెల్జో, తరువాత రెనో సంస్థయందు పియేర్ బెజియే, కొలది బిందువులతోనే వంపును నిర్ణయించు గణిత పద్ధతిని రూపొందించిరి. ఒక బిందువును జరిపినచో వంపు నునుపు చెడకయే మారును. నేటి క్యాడ్ ప్రోగ్రాములకు ఈ పద్ధతి ఆధారము.

ఇక పని వరుస చూతము.

మొదట, విరిగిన ముక్కలను పారవేయరాదు. వానిని జతపరచి కాగితముపై ఉంచి, ప్రక్కన స్కేలు పెట్టి, నిటారుగా పైనుండి ఒక ఫొటో, ప్రక్కనుండి మరియొకటి తీయవలెను. మందమును వెర్నియరు కాలిపరుతో కొలువవలెను. గొట్టపు వ్యాసమునుగూడ కొలువవలెను. క్లిప్పు పట్టవలసినది దానినే గదా!

రెండవది, ఆ ఫొటోలను కంప్యూటరులో స్కేలునకు సరిపెట్టి, క్లిప్పు నడుమగుండ పోవు వంపు గీతను గీయవలెను. క్లిప్పు అడ్డుకోత ఆకారమును ఆ గీత వెంట నడిపించినచో ఘనరూపము ఏర్పడును. జంతికల గొట్టమునుండి పిండి బిళ్ల రంధ్రపు ఆకారమున దిగి, చేయి త్రిప్పిన దారిని పోవుట వంటిదే ఇది. ఫ్రీక్యాడ్ అను ఉచిత ప్రోగ్రాముతో ఈ పని చేయవచ్చును.

మూడవది బలము. మందము పెంచినచో క్లిప్పు గట్టిపడునని పలువురు తలంతురు. అది పూర్తిగా నిజము కాదు. మందము రెట్టింపైనచో క్లిప్పు చేయిని వంచుటకు ఎనిమిది రెట్లు బలము కావలెను. అంతే దూరము వంచినపుడు మొదట పడు సాగుడు రెట్టింపగును, త్వరగా విరుగును. చేయి పొడవు రెట్టింపైనచో ఆ సాగుడు నాలుగవ వంతునకు తగ్గును. కావున వీలైనంత పొడవు ఇచ్చి, చేయి మొదలును పదునైన మూలగా విడువక గుండ్రముగా మలచవలెను.

తుదకు త్రీడీ ప్రింటరుపై ఒకటి చేసి, గొట్టమునకు తగిలించి చూడవలెను. పొరలు చేయి పొడవునా సాగునట్లు పరుండబెట్టి చేసినచో చీలదు. పి.ఎల్.ఏ. ప్లాస్టిక్కు సుమారు 60 డిగ్రీల వేడికి మెత్తబడును. ఎండలో ఉండు వస్తువునకు అది తగదు. బిగువు చాలకున్న, నమూనాలో ఒక అంకె మార్చి మరల చేయవచ్చును. హైదరాబాదులో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఇట్టి నమూనాల తయారీకై ఏర్పడిన సంస్థయే.

ఒక హెచ్చరిక: మందు ఒత్తిడిని భరించు భాగములను ఈ విధముగా చేయరాదు. పట్టియుంచు క్లిప్పులు, మూతల కొక్కెములు మొదలగువానికే ఇది తగును. ఒకమారు గీచిన నమూనాను పంచాయతీ కార్యాలయమున భద్రపరచినచో, అదే యంత్రము గల రైతులందరికి అది అక్కరకు వచ్చును.