గాలి గిటార్ నుంచి పుట్టిన గ్లౌజు

చేతిలో గిటార్ లేకుండానే, పాటకు తగ్గట్టు గాలిలో వేళ్లు ఆడించే కుర్రాళ్లను చూసే ఉంటారు. ఆ వేళ్ల కదలికకు నిజంగానే సంగీతం పలికితే? అమెరికన్ ఇంజనీరు థామస్ జిమ్మర్‌మన్‌కు కలిగిన ఈ కోరిక వల్లే వర్చువల్ రియాలిటీ(వీఆర్)కి చేతులొచ్చాయి. వేలి వంపును కాంతితో కొలిచే సెన్సర్‌కు ఆయన 1982లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. తర్వాత జేరన్ లానియర్‌కు చెందిన వీపీఎల్ రిసెర్చ్‌లో అది డేటాగ్లవ్ అయింది. నాసా ఏమ్స్ పరిశోధకులు దాన్ని తమ హెడ్‌సెట్‌తో జతచేశారు.

కిటుకు చాలా అందమైనది. పల్చటి గ్లౌజు మీద వేళ్ల వెంట సన్నని ఆప్టికల్ ఫైబర్లు. ఒక కొసన వెలుగు, రెండో కొసన దాన్ని కొలిచే సెన్సర్. వేలు ముడవగానే కణుపు దగ్గర కొంత కాంతి బయటికి జారిపోతుంది. అవతలికి చేరే వెలుగు ఎంత తగ్గితే వేలు అంత ముడిచినట్టు! అందరి చేతులూ ఒక్క కొలతలో ఉండవు కదా, అందుకే తొడుక్కున్నవాళ్లు ముందు పిడికిలి బిగించి, విప్పి, యంత్రానికి తమ చెయ్యిని పరిచయం చేసేవారు.

వేల డాలర్ల ఆ గ్లౌజుకు చవకరకం 1989లో వచ్చింది. అదే నింటెండో వీడియో గేముల కోసం బొమ్మల కంపెనీ మాటెల్ తెచ్చిన పవర్‌గ్లవ్. అయితే ఆ ఆటలు దాదాపు అన్నీ బటన్ల కోసం రాసినవి. చెయ్యి గాల్లో నిలిపి ఆడితే భుజం లాగేది. అందుకే ఆ గ్లౌజు ఎక్కువ కాలం నిలవలేదు.

2019 చివర్లో ఓక్యులస్ క్వెస్ట్ అనే వీఆర్ హెడ్‌సెట్ తన కెమెరాలతోనే చేతులను గుర్తుపట్టడం మొదలుపెట్టింది. గ్లౌజు అవసరం తీరింది, కొత్త చిక్కు మిగిలింది. కెమెరా చెయ్యిని చూస్తుంది గానీ, చేతికి ఏమీ తగలదు. గాల్లో తేలే బటన్ నొక్కితే వేలు అవతలికి దూసుకుపోతుంది. దీనికి దొరికిన ఉపాయం నాకెంతో ఇష్టం. చిటికెడు ఉప్పు తీసుకున్నట్టు బొటనవేలు, చూపుడువేలు కలపడమే ఆ ఉపాయం. యంత్రం స్పర్శ ఇవ్వలేకపోయినా మీ వేలికి మీ వేలే తగులుతుంది. పని అయిందని చర్మమే చెబుతుంది. 2024లో వచ్చిన ఆపిల్ విజన్ ప్రో హెడ్‌సెట్‌లో అయితే చెయ్యెత్తే పనే లేదు. చూపుతో ఎంచుకుని, ఒళ్లో ఉన్న చేతితోనే వేళ్లు కలిపితే చాలు.

వీఆర్ యాప్‌లు రాస్తున్న మన పిల్లలకు ఒక మాట. గాలిలో బటన్ పెట్టే ముందు, ఓ ఐదు నిమిషాలు మీ చెయ్యిని అక్కడే ఎత్తి పట్టుకుని చూడండి.