పార్క్ స్ట్రీట్ సమాధుల తోటలో మన మెకంజీ

కోల్‌కతాలో పార్క్ స్ట్రీట్ అనగానే హోటళ్లు, కేకుల దుకాణాలు, క్రిస్మస్ రాత్రుల దీపాలు గుర్తొస్తాయి. ఒకప్పుడు ఆ దారిని బరియల్ గ్రౌండ్ రోడ్ అనేవారు. కంపెనీ దొరల శవపేటికలు అటే వెళ్లేవి. 1767లో తెరిచిన సౌత్ పార్క్ స్ట్రీట్ సమాధుల తోట మల్లిక్ బజార్ పక్కన ఇప్పటికీ ఉంది. దానికి ఎదురుగా ఉండిన నార్త్ పార్క్ స్ట్రీట్ తోటను మాత్రం గత శతాబ్దంలో చదును చేసి భవనాలు కట్టేశారు.

గేటు దాటగానే పిరమిడ్లు, గుమ్మటాలు, ఆకాశంలోకి మొనదేలిన స్తంభాలు. కొన్ని సమాధులు ఇళ్లంత ఎత్తు. రాయి దొరకని నేల కనుక ఇటుకతో కట్టి, పైన సున్నపు గచ్చు పూసి రాతి కట్టడాల రూపు తెచ్చారు. బెంగాల్ వానలకు ఆ గచ్చు చాలాచోట్ల ఊడిపోయింది. పెచ్చు లేచినచోట ఎర్రటి ఇటుక, దాని సందుల్లో నాచు, నాచులోంచి రావి మొలకలు.

పలకల మీద పేర్లకంటే వయసులు ముందు కంటబడతాయి. జ్వరాలు, కలరా ఎవరినీ వదల్లేదు. కవి లాండర్ తలచి తలచి రాసుకున్న రోజ్ ఐల్మర్‌కు 1800లో చనిపోయేనాటికి ఇరవయ్యేళ్లు. హిందూ కాలేజీ కుర్రాళ్లకు ప్రశ్నించడం నేర్పిన డిరోజియో 1831లో కలరాతో పోయాడు, ఇరవై రెండేళ్లకే. హిందూ దేవతలను కొలిచిన సైనికాధికారి చార్లెస్ స్టూవర్ట్ సమాధి అచ్చం చిన్న గుడిలా ఉంటుంది. అన్నింటికంటే ఎత్తైనది సర్ విలియం జోన్స్‌ది. 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించినవాడు ఆయనే.

యాత్రికులు సాధారణంగా ఇక్కడితో వెనుదిరుగుతారు. తెలుగువాళ్లు మాత్రం పార్క్ స్ట్రీట్ సమాధుల్లోని ఇంకొకరిని తలుచుకోవాలి. ఆయన కల్నల్ కాలిన్ మెకంజీ. స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టి, 1783లో మద్రాసు చేరి, దేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821 మే 8న కన్నుమూశాడు. అమరావతి స్తూపం శిల్పాలకు బొమ్మలు గీయించింది ఆయనే. ఊరూరా కరణాల దగ్గరున్న కవిలెలు, పెద్దల నోటి మాటలు, గుళ్ల శాసనాలు రాయించి తెప్పించింది ఆయనే. ఏ చెరువు ఎవరు తవ్వించారో, ఏ ఊరికి ఆ పేరెలా వచ్చిందో ఇవాళ మనకు తెలుస్తోందంటే చాలావరకు కైఫీయతులనే ఆ ఊరి వృత్తాంతాల వల్లే.

అయితే మెకంజీకి మన భాషలు రావు. ఊళ్లు తిరిగి, కరణాలను ఒప్పించి, చదివి, అర్థం చెప్పినవాళ్లు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. వాళ్లలో బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య దొర వెంట కలకత్తా దాకా వచ్చాడు. మెకంజీ పోయాక ఆ పని తాను కొనసాగిస్తానని అడిగాడు. 1830లలో ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. ఇంతటి పని నడిపించే శక్తి నేటివుకు ఉండదన్నది వాళ్ల లెక్క. ఆ పనిని ఏళ్ల తరబడి భుజాన మోసిన మనిషికి అలా చెప్పడం అన్యాయం. ఇన్నేళ్ల తర్వాత చదివినా మనసు చివుక్కుమంటుంది. లక్ష్మయ్య మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీని నడిపాడు. మరో సోదరుడు రామస్వామి దక్కన్ కవుల జీవితాలను ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలోనే అచ్చు వేయించాడు.

మెకంజీ భార్య నుంచి ప్రభుత్వం ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. దక్షిణాది భాషల రాతప్రతులు తర్వాత మద్రాసుకు తిరిగొచ్చాయి. ఇప్పుడవి చెన్నై ప్రాచ్య లిఖిత భాండాగారంలో ఉన్నాయి. కడప జిల్లా కైఫీయతులను అక్కడి సి.పి. బ్రౌన్ గ్రంథాలయం సంపుటాలుగా అచ్చు వేసింది. వాటిలో మీ ఊరి పేరు ఉందేమో వెతకండి.