కోపానికీ చెయ్యెత్తడానికీ మధ్య

కొట్లాట కేసులో దొరికిన పదహారేళ్ల కుర్రాణ్ణి ఎందుకు కొట్టావని అడిగితే, "నన్ను అదోలా చూశాడు" అంటాడు. ఆ చూపుకీ ఆ దెబ్బకీ మధ్య ఉన్న రెండు మూడు క్షణాలు వాడికి కనిపించవు. అవి కనిపించేలా చేయడమే శిక్షణ పని.

అమెరికాలో ఆర్నాల్డ్ గోల్డ్‌స్టీన్, బ్యారీ గ్లిక్ 1980లలో ఇందుకోసం "అగ్రెషన్ రీప్లేస్‌మెంట్ ట్రైనింగ్" రూపొందించారు. పది వారాలు, వారానికి మూడు గంటలు. న్యూయార్క్ రాష్ట్రంలోని బాలనేరస్థుల కేంద్రాల్లో దాన్ని పరీక్షించారు.

ఇందులో పిల్లలు ముందుగా తమ గొడవలను ఒక కాగితం మీద రాస్తారు: ఎక్కడ జరిగింది, ఎవరితో, ఎంత కోపం వచ్చింది, నేనేం చేశాను. నాలుగైదు రాసేసరికి తమను రెచ్చగొట్టేవేమిటో తెలుస్తుంది. ఎదుటివాడు తోయడం ఒకటైతే, "నన్ను చేతగానివాణ్ణి అనుకుంటున్నాడు" అని తమలో తాము అనుకునే మాట ఇంకొకటి. తరువాత ఒంటి గుర్తులు పసిగడతారు: పళ్లు బిగుసుకోవడం, గుండె దడ, పిడికిలి ముడుచుకోవడం. ఆ గుర్తు కనబడగానే నెమ్మదిగా ఊపిరి తీసుకుంటారు, అంకెలు వెనక్కి లెక్కపెడతారు, "ఇప్పుడు కొడితే రేపు నాకేమవుతుంది?" అని ప్రశ్నించుకుంటారు. ఇదంతా విని ఊరుకునే పాఠం కాదు. ఒకరు తిట్టేవాడిగా, ఒకరు తిట్లు తినేవాడిగా నటిస్తూ మళ్లీ మళ్లీ సాధన చేస్తారు.

కోపం దిగాక ఏం చేయాలో కూడా తెలియాలి కదా! అందుకే ఫిర్యాదు చెప్పడం, క్షమాపణ అడగడం, స్నేహితులు రెచ్చగొట్టినా లొంగకపోవడం నేర్పుతారు. ఎదుటివాడి వైపు నుంచి న్యాయం ఆలోచించే చర్చలు జరుపుతారు. కోపాన్ని ఆపుకోవడం, ఈ నైపుణ్యాలు, ఈ చర్చలు, మూడూ కలిస్తేనే శిక్షణ పూర్తయినట్టు.

ఇది పనిచేస్తుందా? వాషింగ్టన్ రాష్ట్రం ఈ శిక్షణను తన బాలనేరస్థుల కోర్టుల ద్వారా అమలు చేసింది. 2004 నాటి మూల్యాంకనం ప్రకారం, శిక్షకులు సమర్థంగా నేర్పిన చోట పద్దెనిమిది నెలల్లో మళ్లీ తీవ్ర నేరాలకు పాల్పడటం 24 శాతం తగ్గింది. సరిగా నేర్పని చోట ఆ ఫలితం రాలేదు. పాఠం అదే, పిల్లలూ అలాంటివాళ్లే. తేడా నేర్పినవారిలో ఉంది.

మన 2015 బాలల న్యాయ చట్టంలోని 18వ సెక్షన్ కూడా తప్పు చేసిన పిల్లలను గ్రూప్ కౌన్సెలింగ్‌కు పంపే అధికారం జువెనైల్ జస్టిస్ బోర్డుకు ఇస్తోంది. ఆ కౌన్సెలింగ్ ఒక మందలింపుతో ముగిసిపోకూడదు. వారాల తరబడి ఓపికగా సాధన చేయించగల మనుషులను తయారు చేసుకుంటేనే చట్టం ఇచ్చిన అవకాశం పిల్లవాడికి అందుతుంది.