చేరన్‌మహాదేవి గురుకుల వివాదం

చేరన్‌మహాదేవి గురుకుల వివాదం 1924-25 సంవత్సరాలలో మద్రాసు ప్రెసిడెన్సీలో చెలరేగిన ఒక సామాజిక, రాజకీయ వివాదం. తిరునెల్వేలి జిల్లాలో తామ్రపర్ణి నది ఒడ్డున ఉన్న చేరన్‌మహాదేవిలో, జాతీయోద్యమ నిధులతో నడిచే ఒక గురుకులంలో బ్రాహ్మణ బాలురకు, ఇతర బాలురకు వేరువేరుగా భోజనం పెట్టడం దీనికి కారణం. ప్రజల విరాళాలతో, సమానత్వ ఆశయంతో నడిచే సంస్థ లోపల పంక్తిభేదం పాటించవచ్చునా, పాటిస్తే దానిని ఆపవలసిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలు దీనితో బహిరంగ చర్చకు వచ్చాయి. తమిళనాడు కాంగ్రెసులో చీలికకు, పెరియార్ ఇ.వి. రామసామి ఆ పార్టీని వీడటానికి దారితీసిన కారణాలలో ఇది ఒకటి.

గురుకుల స్థాపన

ఈ గురుకులాన్ని 1922లో వి.వి.ఎస్. అయ్యర్ (వరాహనేరి వేంకటేశ సుబ్రహ్మణ్య అయ్యర్, 1881-1925) స్థాపించాడు. మొదట కల్లిడైకురిచ్చిలో ప్రారంభమై తరువాత సమీపంలోని చేరన్‌మహాదేవికి మారింది. అయ్యర్ న్యాయశాస్త్రం చదవడానికి లండను వెళ్ళి, అక్కడ ఇండియా హౌస్ విప్లవకారులతో కలిసి పనిచేశాడు. 1910లో పోలీసుల కన్నుగప్పి ఫ్రెంచివారి ఏలుబడిలోని పుదుచ్చేరి చేరి, పదేళ్ళపాటు అక్కడే ప్రవాసంలో గడిపాడు. కంబ రామాయణంపై ఆయన రాసిన విమర్శ ప్రసిద్ధమైనది. ఆంగ్ల ప్రభుత్వ పాఠశాలలకు భిన్నంగా మాతృభాషలో చదువు, చేతిపనులు, వ్యాయామం, దేశభక్తి కలగలిపిన విద్య అందించడం గురుకులం ఆశయం.

తమిళనాడు కాంగ్రెసు కమిటీ గురుకులానికి 10,000 రూపాయలు మంజూరు చేసి, అందులో 5,000 రూపాయలు ముందుగా చెల్లించింది. నాటుకోట్టై చెట్టియార్లు మొదలైన దాతలూ విరాళాలిచ్చారు. దాతలలో అధికులు బ్రాహ్మణేతరులే. వివాదం ముదిరినప్పుడు ఈ సంగతికి ఎంతో ప్రాధాన్యం వచ్చింది.

వివాదం పుట్టుక

గురుకుల నియమాలలో కులభేదం లేదు. అయ్యర్ స్వయంగా కులాచారాలను పట్టించుకునేవాడు కాదు, అందరితో కలిసి భోజనం చేసేవాడు. అయితే ఇద్దరు బ్రాహ్మణ బాలుర తల్లిదండ్రులు తమ పిల్లలకు వేరుగా వడ్డించాలన్న షరతుమీద వారిని చేర్పించారు. అయ్యర్ అందుకు మాట ఇచ్చాడు. సంస్థను నిలబెట్టుకోవాలన్న ఆతృతలో ఇచ్చిన ఈ చిన్న మినహాయింపే వివాదానికి మూలమైంది.

ఇద్దరిని వేరుగా కూర్చోబెట్టడం ఆ ఇద్దరితో ఆగే పని కాదు. ఒక విస్తరి పక్కకు జరిగితే మిగిలిన విస్తళ్ళన్నీ తక్కువవి అయిపోతాయి. పాఠం చెప్పేటప్పుడు అందరూ సమానులే అని బోధించి, అన్నం వేళకు కాదని చూపిస్తే పిల్లలు రెండవదానినే నేర్చుకుంటారు.

ఈ సంగతి బయటకు వచ్చిన తీరు గమనించదగినది. కాంగ్రెసు నాయకుడు ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ కుమారుడు అక్కడ విద్యార్థి. బ్రాహ్మణ విద్యార్థులకు వేరుగా ఉంచిన కుండలోని నీళ్ళు తాగినందుకు ఆ బాలుడు దండనకు గురయ్యాడనీ, ఇంటికి వచ్చి తండ్రితో చెప్పుకున్నాడనీ అనేక రచనలలో కనిపిస్తుంది.  తండ్రికి పార్టీలో పలుకుబడి ఉండబట్టి ఈ బాలుడి మాట నాయకుల దాకా వెళ్ళింది. పేరులేని రైతు కొడుకు అదే మాట చెప్పి ఉంటే అది ఊరి పొలిమేర దాటేది కాదు.

వాదప్రతివాదాలు

విషయాన్ని ప్రజల ముందుకు తెచ్చినవారిలో ముఖ్యుడు డాక్టర్ పి. వరదరాజులు నాయుడు. ఆయన దేశీయ వైద్యుడు, "తమిళనాడు" పత్రిక సంపాదకుడు, కాంగ్రెసు ప్రముఖుడు. వరదరాజులు నాయుడు, రామస్వామి రెడ్డియార్ ఇద్దరూ తమిళదేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చెందినవారు. అప్పటికే వైకం సత్యాగ్రహంలో (1924) పాల్గొని జైలుకు వెళ్ళివచ్చిన ఇ.వి. రామసామి కాంగ్రెసు కార్యదర్శి హోదాలో మిగిలిన 5,000 రూపాయలు చెల్లించడానికి నిరాకరించాడు.

విమర్శకుల వాదన సూటిగా ఉంది. ఎవరి ఇంట్లో వారు ఎలా తిన్నా అది వారి ఇష్టం, ప్రజల సొమ్ముతో నడిచే భోజనశాలలో మాత్రం ఒకే పంక్తి ఉండాలి. అయ్యర్ పక్షంవారు ఇచ్చిన మాట తప్పరాదనీ, ఆహార నియమాలను బలవంతంగా మార్చితే తల్లిదండ్రులు పిల్లలను పంపడం మానేస్తారనీ అన్నారు.

1925 మార్చిలో మద్రాసు ప్రాంతానికి వచ్చిన గాంధీ ఇరుపక్షాలవారితో మాట్లాడాడు. ఆ ఇద్దరు బాలుర విషయంలో ఇచ్చిన మాట నిలుపుకోవాలనీ, ఇకముందు అలాంటి షరతుతో ఎవరినీ చేర్చుకోరాదనీ ఆయన అభిప్రాయపడ్డాడు. ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ ఇద్దరి చదువు పూర్తయ్యేదాకా రెండో పంక్తి కొనసాగినట్టే. ఎదురుగా కూర్చుని తింటున్న పిల్లలకు "ఇకముందు" అన్న మాట ఓదార్పు కాదు. అప్పటికే అవమానపడిన బ్రాహ్మణేతర కార్యకర్తలు రాజీతో తృప్తిపడలేదు.

తిరుచిరాపల్లి తీర్మానం

1925 ఏప్రిల్ చివరిలో తిరుచిరాపల్లిలో తమిళనాడు కాంగ్రెసు కమిటీ సమావేశమైంది. జాతీయోద్యమంలో పాలుపంచుకొనే సంస్థలన్నీ పుట్టుకనుబట్టి హెచ్చుతగ్గులు పాటించడం మానాలని ఎస్. రామనాథన్ ప్రతిపాదించిన తీర్మానం అక్కడ నెగ్గింది. చక్రవర్తి రాజగోపాలాచారి మొదలైనవారు దీనితో ఏకీభవించలేదు. ఆచారాలు నచ్చజెప్పి మాన్పించవలసినవే తప్ప తీర్మానాలతో మారేవి కావన్నది వారి వాదన. తీర్మానం నెగ్గిన తరువాత కొందరు సభ్యులు కమిటీకి రాజీనామా చేశారు.

ఈ తీర్మానం విశేషమేమిటంటే, అది గురుకులం ఒక్కదానికి పరిమితం కాలేదు. ఒక వ్యక్తి మంచితనంపై ఆధారపడిన వ్యవహారాన్ని సంస్థలన్నిటికీ వర్తించే నియమంగా మార్చింది. అయ్యర్ నిష్కపటుడన్నది ఆయన ప్రత్యర్థులలోనూ చాలామంది ఒప్పుకున్న మాట. అధ్యక్షుడి మనసులో భేదం లేకపోయినా సంస్థలో భేదం ఉండవచ్చునని ఈ ఉదంతం వల్ల తేలింది. అయితే వాదోపవాదాలు ప్రధానంగా బ్రాహ్మణ, బ్రాహ్మణేతర బాలుర చుట్టూనే తిరిగాయి. అంటరానివారుగా చూడబడిన కులాల పిల్లల ప్రవేశం గురించి అంత పట్టుదలతో చర్చ సాగలేదు. ఇది ఈ వివాదంలోని పెద్ద లోటు.

అనంతర పరిణామాలు

అయ్యర్ గురుకుల నిర్వహణ నుండి తప్పుకున్నాడు. 1925 జూన్ మొదటి వారంలో పాపనాశం వద్ద కల్యాణ తీర్థం జలపాతంలో పడిన కుమార్తె సుభద్రను కాపాడబోయి మరణించాడు. కుమార్తె కూడా దక్కలేదు.

అదే సంవత్సరం నవంబరులో కాంచీపురంలో జరిగిన కాంగ్రెసు రాష్ట్ర మహాసభలో కులాలవారీ ప్రాతినిధ్యం కోరుతూ రామసామి తెచ్చిన తీర్మానాన్ని అధ్యక్షుడు టి.వి. కల్యాణసుందర ముదలియార్ అనుమతించలేదు. రామసామి సభ నుండి వెళ్ళిపోయి, ఆత్మగౌరవ ఉద్యమానికి పూర్తికాలం అంకితమయ్యాడు. వరదరాజులు నాయుడు తరువాతి కాలంలో హిందూ మహాసభలో చేరాడు. రామస్వామి రెడ్డియార్ కాంగ్రెసులోనే ఉండి 1947 మార్చి నుండి 1949 ఏప్రిల్ వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా పనిచేశాడు. హరిజనుల ఆలయ ప్రవేశానికీ, దేవదాసీ వ్యవస్థ రద్దుకూ 1947లో వచ్చిన చట్టాలు ఆయన ప్రభుత్వం తెచ్చినవే. అప్పటి ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం కాబట్టి అవి తెలుగు జిల్లాలకూ వర్తించాయి.

చట్టంలో ఈ సమస్య

1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం (1976 నుండి పౌరహక్కుల పరిరక్షణ చట్టం) 5వ సెక్షను ప్రకారం ప్రజోపయోగార్థం నెలకొల్పిన విద్యాలయాలలో, వసతిగృహాలలో అంటరానితనం కారణంగా ప్రవేశం నిరాకరించడమే కాక, చేర్చుకున్న తరువాత వివక్ష చూపడం కూడా నేరం. చేరన్‌మహాదేవిలో జరిగింది ఈ రెండవ రకం వివక్షే. తలుపు అందరికీ తెరిచే ఉంది, తేడా లోపల ఉంది. అయినా ఈ సెక్షను అంటరానితనానికే పరిమితం గనుక, బ్రాహ్మణ, బ్రాహ్మణేతర బాలుర మధ్య తేడాకు నేరుగా వర్తించదు.

పాఠశాలల మధ్యాహ్న భోజన పథకం విషయంలోనూ పంక్తి ప్రశ్న తిరిగి వచ్చింది. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులలో వంటవారి, సహాయకుల నియామకాలలో దళితులకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. దళిత స్త్రీలు వండిన అన్నాన్ని తమ పిల్లలు తినరాదని కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పిన సంఘటనలు ఆ తరువాత కూడా పలు రాష్ట్రాల నుండి వార్తలకెక్కాయి.