మీకు తెలుసా? మిగిలిన చూపుతో చేయగలిగింది చాలా ఉంది

ఆపరేషన్ అయింది, మందులు వాడారు, కొత్త అద్దాలూ వచ్చాయి. అయినా పేపర్లో అక్షరాలు ఆనడం లేదు. ఎదురొచ్చే మనిషి పలకరించేదాకా ఎవరో తెలియడం లేదు. ఈ స్థితినే వైద్యులు లో విజన్ అంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని అంధత్వంలో కలిపేయకుండా విడిగా గుర్తించింది. సరైన అద్దాలు పెట్టుకున్నాక కూడా మెరుగైన కంటిలో చూపు 6/18కి మించకుండా 3/60 వరకు ఉన్నా, చూపు వైశాల్యం 40 డిగ్రీలకన్నా తగ్గి 10 డిగ్రీల వరకు ఉన్నా అది లో విజనే. మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివే అక్షరం కోసం 6 మీటర్ల దగ్గరికి రావలసి వస్తే 6/18 అంటారు.

“ఇక చేసేదేమీ లేదు” అన్న మాట విని, ఇంటికొచ్చి ఓ మూల కూర్చుండిపోయిన పెద్దవాళ్ళు ఎందరో. ఆ మాట మందుకూ కత్తికీ వర్తిస్తుంది. ఉన్న చూపును వాడుకోవడానికి మాత్రం వర్తించదు.

ఒకాయన పేపరు చదువుతాడు, గుమ్మం తగిలి పడతాడు. ఒకావిడ సందులన్నీ చకచకా దాటుతుంది, చేతిలో పెట్టిన చీటీ చదవలేకపోతుంది. ఇద్దరి మీదా “నటిస్తున్నారు” అన్న నింద పడుతుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. మొదటాయనకు ఉన్నలాంటి రెటినైటిస్ పిగ్మెంటోసా చాలామందిలో రేచీకటితో మొదలై, అంచుల నుంచి చూపును కొరుక్కుంటూ వచ్చి మధ్యలో కొంచెం మిగులుస్తుంది. ఇది వంశంలో వచ్చే జబ్బు, మేనరికాలు ఉన్న చోట ముప్పు ఎక్కువ. వయసుతో వచ్చే మాక్యులా క్షీణత దీనికి పూర్తిగా ఎదురు: అది మధ్య చూపును పోగొట్టి, అంచులను వదిలేస్తుంది. అలాంటివారు మీ మొహం చూడాలంటే మీ చెవి వైపో, తల పైకో చూస్తారు. అది పరాకు కాదు, పొగరూ కాదు. రెటీనాలో బాగున్న భాగం మీద మీ మొహం పడేలా కన్ను తిప్పుకుంటున్నారు. లో విజన్ క్లినిక్‌లలో ఈ పక్కచూపును సాధన చేయించి మరీ నేర్పుతారు.

“పుస్తకం అంత దగ్గర పెట్టుకుంటే ఉన్న చూపూ పోతుంది” అని పిల్లల్ని కసురుతాం. పోదు. 40 సెంటీమీటర్ల దూరంలోని పేజీని 10కి తెస్తే అక్షరం నాలుగింతలై కనిపిస్తుంది. చూపు తక్కువున్న పిల్ల తనకు తానుగా కనిపెట్టుకున్న ఉపాయం అది. ముందు పరీక్ష చేయించి అద్దాలు అవసరమో కాదో చూడాలి, ఆ తర్వాత ఆ పిల్లను ఆ దూరానికే వదిలేయాలి. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి పిల్లలకు చూపును “పొదుపుగా” వాడటం నేర్పే బడులే నడిపారు. చూపును వాడే కొద్దీ దాన్ని వాడుకునే నేర్పు పెరుగుతుందని అమెరికాలో నటాలీ బరాగా 1964లో పిల్లలకు శిక్షణ ఇచ్చి చూపించాక ఆ పద్ధతి వెనక్కి తగ్గింది.

భూతద్దం ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుని కొంటారు. వ్యవహారం తిరగబడి ఉంటుంది: శక్తి పెరిగే కొద్దీ అద్దం చిన్నదవుతుంది, పేజీకి మరింత దగ్గరగా పట్టాలి. ఆ శక్తిని కొలిచే డయాప్టర్ల అంకెను నాలుగుతో భాగిస్తే సుమారుగా ఎన్ని రెట్లో వస్తుంది. 20 డయాప్టర్ల అద్దం ఐదు రెట్లు, పేజీకి 5 సెంటీమీటర్ల ఎత్తున పట్టాలి. కన్నును కూడా అద్దానికి దగ్గరగా తెస్తే ఎక్కువ అక్షరాలు ఒకేసారి కనబడతాయి. చేయి వణికేవారికి కాళ్ళున్న స్టాండ్ భూతద్దం హాయి, దూరం దానంతటదే కుదురుతుంది. మన లిపికి ఇంకో చిక్కుంది. థ–ధ తేడా ఒక చుక్కలో ఉంటుంది, వత్తులు వరుస కింద చిన్నగా ఒదిగి ఉంటాయి. అందుకే అద్దం ఎంచుకునేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల చార్టు ఒక్కటే చాలదు, ఇంట్లో చదివే తెలుగు పేపరు వెంట తీసుకెళ్ళండి.

డబ్బు పెట్టక్కర్లేనివీ ఉన్నాయి. నల్ల అట్టలో ఒక వరుస పట్టేంత చీలిక కోసి పేజీ మీద పెడితే, తెల్ల కాగితం మెరుపు తగ్గుతుంది, వరుస తప్పదు. 60 ఏళ్ళ కంటిలో రెటీనాకు చేరే వెలుతురు 20 ఏళ్ళ కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. దీపాన్ని పక్కగా, సగం దూరానికి జరిపితే పేజీ మీద వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది. తెల్ల పింగాణీ పళ్ళెంలో పెరుగన్నం కనబడదు. అదే అన్నం అరటాకులో వడ్డిస్తే అమ్మమ్మ ఎవరి సాయమూ లేకుండా తింటుంది. మెట్ల అంచుకు పసుపు పెయింటు గీత చాలు.

నోట్లు గుర్తుపట్టడానికి కొత్త శ్రేణి 100 నోటు అంచుల్లో నాలుగు, 500 నోటుకు ఐదు ఏటవాలు గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. 200 నోటుకు నాలుగు గీతల మధ్య రెండు వృత్తాలు అదనం. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో తెచ్చిన మణి యాప్, కెమెరా ముందు నోటు పెడితే విలువ పైకి చెబుతుంది. ఒకసారి దించుకున్నాక ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది.

ఇక చాలామంది దాచిపెట్టే సంగతి ఒకటుంది. చూపు బాగా తగ్గినవారిలో కొందరికి లేని మనుషులు, పూల తీగలు, జంతువులు స్పష్టంగా కనబడతాయి. శబ్దం ఉండదు. అవి నిజం కావని వారికి తెలుసు. జెనీవాకు చెందిన చార్లెస్ బోనె, తన తాతగారికి ఇలా జరగడం చూసి 1760లో గ్రంథస్థం చేశాడు. ఇప్పుడది ఆయన పేరుతోనే చార్లెస్ బోనె సిండ్రోమ్. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడులోని చూపు భాగం తానే బొమ్మలు తయారు చేసుకుంటుంది. మన ఊళ్ళలో దీన్ని గాలి సోకడం అనో, మతి తప్పడం అనో అనుకుని తాయెత్తులు కడతారు. పాపం, ఆ భయంతోనే పెద్దవాళ్ళు నోరు విప్పరు. లైటు వేయడం, కళ్ళు అటూ ఇటూ తిప్పడం వల్ల చాలాసార్లు బొమ్మ చెదిరిపోతుంది. మాటలు కూడా వినిపిస్తున్నా, కనబడేది నిజమేనని నమ్ముతున్నా అది వేరే కారణం కావచ్చు, డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో చూపు తగ్గిన పెద్దలుంటే “ఏమైనా బొమ్మలు కనబడుతున్నాయా?” అని మీరే నెమ్మదిగా అడగండి.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో, చెన్నై శంకర నేత్రాలయలో, మదురై అరవింద్‌లో లో విజన్‌కు ప్రత్యేక విభాగాలున్నాయి. అక్కడ ముందు అడిగే ప్రశ్న “మీరు ఏం చేయాలనుకుంటున్నారు?” అన్నదే కావాలి: బస్సు నంబరు చదవడమా, సూదిలో దారం ఎక్కించడమా, పూజకు పుస్తకం చూడటమా? ఒక్కో పనికి ఒక్కో సాధనం. వైకల్య ధ్రువపత్రం ఉన్న విద్యార్థులకు కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం దొరుకుతాయి. ఆ ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి వెళ్ళడం పరీక్షల నెల దాకా వాయిదా వేయకండి.