స్పోర్ట్స్ కారు కొనే ముందు ఒక చిన్న లెక్క

నలభై దాటగానే మావారికి స్పోర్ట్స్ కారు మీద మనసైంది. వద్దని గొడవపడే బదులు నేను లెక్క వేశాను. బీఎస్సీలో చదువుకున్న హాఫ్ లైఫ్ పాఠం ఇన్నాళ్లకు పనికొచ్చింది.

కారు విలువ కూడా అలాగే కరుగుతుంది. ప్రతి ఏడూ మిగిలినదాంట్లో కొంత శాతం పోతుంది. అందుకే మొదటి ఏళ్లలోనే దెబ్బ ఎక్కువ. ఏటా 15 శాతం తగ్గుతుందనుకుందాం. దాదాపు 70 వేల డాలర్ల కార్వెట్‌కు అయిదేళ్లలో 39 వేలు పోతాయి. 30 వేల మాజ్డా మియాటాకు పోయేది సుమారు 17 వేలు. శాతం ఒకటే అయినా తేడా 22 వేలు. మాకది పిల్లల కాలేజీ డబ్బు.

పోర్షా 911 విలువ నిలబెట్టుకుంటుందని పేరు. నిజమే, కానీ ధర లక్ష డాలర్లు దాటుతుంది. సర్వీసు, ఇన్సూరెన్సు కూడా ఆ స్థాయిలోనే ఉంటాయి.

మరి సరదా? కార్వెట్‌కు 495 హార్స్‌పవర్, మియాటాకు 181. కానీ 65 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 495 ఎక్కడ వాడతాం? మియాటా బరువు టన్నుకు కాస్త ఎక్కువ, అంతే. మలుపుల రోడ్డులో గేర్లు మారుస్తూ వెళ్తే 40 మైళ్ల వేగంలోనే హుషారొస్తుంది. సీట్లు మాత్రం రెండే. ఇంటికి వేరే కారు ఉండాల్సిందే.

మేం మూడేళ్లు వాడిన మియాటా వెతుకుతున్నాం. మొదటి దెబ్బ ఎవరో తినేసి ఉంటారు కదా! మీరూ బేరానికి ముందే ఇన్సూరెన్సు ఎంతవుతుందో కనుక్కోండి.