ఇంటికి రెండవ గాదె – గడ్డివాము

తెలుగువారి నుడికారములో గడ్డికి గౌరవము తక్కువ. విలువలేని వస్తువును గడ్డిపోచతో పోల్చుదురు. కాసులకు ఆశపడి నీతి తప్పినవాడు గడ్డి కఱచినాడందురు. ‘తృణప్రాయము’ అను సంస్కృతపు మాటకును భావమిదియే. అయినను భాద్రపద శుద్ధ చవితినాడు గరికపోచ లేనిదే విఘ్నేశ్వరుని పూజ సాగదు. ఈ రెండు మాటలలో రైతు నమ్మినది రెండవది. పిల్లవాని గిన్నెలోని పాలు, చేనిలోని పెంట, అరక కట్టిన ఎద్దు మెడలోని బలము, ఇవన్నియు గడ్డిపోచనుండి పుట్టినవే యని వానికి తెలియును.

ఈ సత్యమును తెలుగునాట కరవులు కఠినముగా బోధించినవి. గుంటూరు సీమను 1832–33లో పీడించిన డొక్కల కరవులోను, 1876–78 నాటి ధాత కరవులోను మనుష్యులతోపాటు పశువులును మేత లేక రాలిపోయినవి. ఆ తరువాత వాన కురిసినను కరవు తీరినట్లు కాదు. దున్నుటకు ఎద్దు లేని యింట వాన కురిసియు ప్రయోజనమేమి? గాదెలో గింజలు తఱిగిన యేడు ఇల్లు అప్పుతో గడచును. వాములో గడ్డి తఱిగిన యేడు మరుసటి పంటయే లేకుండ పోవును. కావుననే పూర్వపు గృహస్థు గడ్డివామును ఇంటికి రెండవ గాదెగా చూచుకొనెడివాడు.

అయితే గాదె నిండినంతమాత్రమున చాలదు. అందులోనివి గింజలా, తాలా యని చూడవలెను. గడ్డి విషయమునను అంతే. కడుపు నిండుట వేఱు, ఒంటికి పట్టుట వేఱు. ఆవు, గేదె, గొఱ్ఱె మొదలగు నెమరువేయు జంతువుల ఉదరము నాలుగు అరలుగా నుండును. వానిలో మొదటిదియు పెద్దదియునగు అరలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలదిగా నివసించును. మనుష్యునికి అరుగని పీచును పశువునకు ఆహారముగా మార్చునవి అవియే. ఆ జీవులకును మాంసకృత్తులు కావలెను. మేతలో మాంసకృత్తులు నూటికి సుమారు 7 పాళ్లకు తగ్గినచో వాని పని మందగించును. పీచు అరుగక లోపలనే నిలిచిపోవును. పశువు మేతను తగ్గించును. ఎదుట గడ్డి యున్నను ఎముకలు తేలుటకు కారణమిదియే. ఉత్త వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లు మాత్రమే. ఆ కొంచెములోను ఒంటికి పట్టునది దాదాపు శూన్యము.

ఉష్ణదేశములలో పెరుగు గడ్డిజాతులకు ప్రత్యేకమైన స్వభావమొకటి కలదు. గరిక, జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెఱకు మొదలగునవి తీవ్రమైన ఎండను చక్కగా వినియోగించుకొని, తక్కువ నీటితో త్వరత్వరగా ఎదుగును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఈ మొక్కలు పట్టుకొను మార్గము శీతలదేశపు గడ్డి అనుసరించు మార్గమునకు భిన్నమని ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1966లో వివరించిరి. ఈ నేర్పునకు మొక్క చెల్లించు వెల యొకటి యున్నది. దాని ఆకులో ఈనెల చుట్టు దళసరి కణములు దట్టముగా నుండుటచే పీచు హెచ్చు. పైగా అది ఎంత వేగముగా ఎదుగునో అంత వేగముగా ముదురును. పొట్టదశలో మెత్తగా, తియ్యగా నున్న కాడ వెన్ను తీసి గింజ పట్టునప్పటికి కఱ్ఱవలె బిరుసెక్కును. వారములు గడచుకొలది సారము పడిపోవును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. తొలకరిలో మొలచిన పచ్చిక భాద్రపద, ఆశ్వయుజ మాసములలో పూతకు వచ్చును. సారము నిండియుండు కాలమదియే. కాని అప్పుడు ఆకాశము మబ్బుపట్టియుండును. కోసిన గడ్డి తడిసి కుళ్లునేమో యని రైతు భయపడును. వానలు వెనుకంజ వేసి మంచి ఎండ కాయునప్పటికి గింజ రాలి, ఆకు ఎండి, కాడ మాత్రమే మిగులును. గడ్డిలో సారమున్ననాడు ఎండ లేదు. ఎండ యున్ననాడు గడ్డిలో సారము లేదు. ఉష్ణదేశపు రైతు ఎండుగడ్డి కథ యంతయు ఈ రెండు వాక్యములలో ఇమిడియున్నది.

ఒకే గట్టునకు ఇరుప్రక్కల ఇద్దరు రైతులున్నారనుకొందము. ఒకడు వెన్నులు పైకి వచ్చుచుండగనే, రెండు వానల నడుమ దొరికిన వరపులో, కొంచెముకొంచెముగా కోసి యెండబెట్టెను. రెండవవాడు మోపులు హెచ్చగునను ఆశతో గింజ రాలువఱకు వేచియుండెను. రెండవవాని వాము పెద్దదే, ఊరివారు మెచ్చుకొందురు. కాని వేసవిలో పాలకుండ నింపునది మొదటివాని వాము. రెండవవాడు తన గేదెకు ఏమి తక్కువైనదో తెలియక తెలగపిండికి ధనము వెచ్చించును. గడ్డి మంచిచెడ్డలు పశువుముందు వేసిననాడు తేలునవి కావు. కొడవలి పట్టిననాడే తేలిపోవును.

కోయు పద్ధతియు తెలిసికొనదగినదే. మంచు ఆరిన పిమ్మట ఉదయమున కోసి, పలుచగా పఱచి, మధ్యాహ్నము ఒకమాఱు తిరుగవేయవలెను. పచ్చిగడ్డిలో నూటికి 70 మొదలు 80 పాళ్లు నీరే. నిలువచేయుటకు అది 15 పాళ్లకు దిగవలెను. ఆకు గలగలలాడునంతగా ఎండిన తరువాత గట్టిగా కదపరాదు. కదపినచో ఆకు రాలి కాడ మిగులును; సారములో అధికభాగము ఆకులోనే యున్నది. రోజులతరబడి ఎండలో విడిచినను నష్టమే. పచ్చదనముతోపాటు ఏ విటమినుగా మారు పదార్థమును హరించిపోవును. చూలి పశువులకును దూడలకును అది మిక్కిలి అవసరము. వాన విడువని చోట్ల గడ్డిని నేలపై పఱచుటకు బదులు వెదురు ముక్కాలి దడులపైనో, కంచెలపైనో ఆరవేయవచ్చును. ఎండబెట్టుటకు ఎంతమాత్రము వీలులేనిచో తఱిగి, గాలి చొరకుండ గోతిలో త్రొక్కి పాతరగడ్డిగా మాగవేయుట మేలు.

గడ్డి ఎండినదో లేదో తెలిసికొనుటకు పాఠశాల విద్యార్థులును చేయదగిన పరీక్ష యొకటి కలదు. పొడి గాజుసీసాలో గడ్డిముక్కలు వేసి, కొంచెము పొడి ఉప్పు చల్లి, మూత బిగించి కొన్ని నిమిషములు కుదుపవలెను. ఉప్పు పొడిగానే యున్నచో గడ్డి వామునకు సిద్ధమైనది. ఉండలు కట్టినచో ఇంకను తడి యున్నది. ఈ చిన్న పరీక్షను తేలికగా చూడరాదు. తడిగడ్డిని కుప్ప వేసినచో లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టించును. ఆ వేడి ముదిరి, ఎవ్వరును నిప్పు పెట్టకుండగనే వాము తగులబడుటయు కలదు.

వాము వేయుట యొక విద్య. నేలతేమయు చెదలును అంటకుండ అడుగున రాళ్లో, దుంగలో పఱతురు. నడుమ ఎత్తుగా, అంచులు వాలుగా ఉండునట్లు త్రొక్కుచు పేర్చి, పైభాగమును ఏనుగు వీపువలె గుండ్రముగా తీర్చి, వాననీరు జారిపోవునట్లు దువ్వి సరిచేయుదురు. వాడుకొనునప్పుడు ఒక ప్రక్కనుండియే దూయవలెను. నాలుగు ప్రక్కల దూసిన వాములో నాలుగు దారుల వాన చొచ్చును.

సొంత వాము లేక గడ్డిని కొనువారికి కన్ను, ముక్కు, చేయి, ఈ మూడును తూనికకంటె ముఖ్యములు. మోపు పైభాగమును చూచి మోసపోక నడుమ విప్పి చూడవలెను. రంగు లేతపచ్చగా నున్నచో సకాలమున కోసి ఆరబెట్టినదని గుర్తు. పసుపురంగు ముదురునకుగాని, అధికమైన ఎండకుగాని గుర్తు. నలుపు తడిసినదానికి సాక్షి. వాసన తియ్యగా నుండవలెను. ముక్కవాసన వచ్చినను, దులిపినప్పుడు పొగవలె దుమ్ము లేచినను అది బూజు. ఆకు హెచ్చుగా, వెన్నులు తక్కువగా, కాడ పిడికిట నలిపినప్పుడు గ్రుచ్చుకొనకుండ ఉండవలెను. ఒంగోలు ప్రాంతపు రేగడి నేలలలో పెరుగు చెంగలి గడ్డికి మేతలలో మంచి పేరున్నది. అదియైనను అదను దప్పినచో కఱ్ఱపుల్లయే.

బూజు గడ్డి వెల తక్కువని కొనుట పశువు వెల నెఱుగకపోవుటయే. బూజుపట్టిన వరిగడ్డి మేసిన గేదెలకు తోకచివర, చెవులు, కాలిగిట్టలు కుళ్లు వ్యాధి యొకటి కలదు. దానిని డెగ్‌నాలా వ్యాధి యందురు. జొన్నచేలలోని అపాయము వేఱు. లేతజొన్నయందును, వాన లేక గిడసబారిన పైరునందును, కోసిన మోడునుండి పుట్టిన పిలకలయందును హైడ్రోసయానిక్ ఆమ్లమను విషము పుట్టును. రైతులు దీనినే ‘నాము’ అందురు. పూతకు వచ్చిన జొన్నలో ఈ విషము తగ్గును; చక్కగా ఎండబెట్టినచో చాలవఱకు పోవును. కాని ఎరువు మితిమీఱి వేసిన పైరు ఎద్దడికి గుఱియైనప్పుడు అందు పేరుకొను నైట్రేట్లు ఎండబెట్టినను పోవు. ఎండినదెల్ల నిరపాయమని తలచుట పొరపాటు.

మంచి ఎండుగడ్డి అందఱికి దొరకదు. తెలుగునాట అనేక గృహములలో పశువునకు దక్కునది వరిగడ్డి, జొన్నచొప్ప, వేరుసెనగ కట్టె. వీనిలో రాయలసీమ పశువులకు ఆధారమైన వేరుసెనగ కట్టె మేలైనది. కాయధాన్యపు జాతి యగుటచే మాంసకృత్తులు హెచ్చు. డెల్టా భూములలో వరి తరువాత చల్లు పిల్లిపెసర, జనుము కూడ అట్టివే. వానిని కోసి యెండబెట్టి వరిగడ్డితో కలిపి వేసినచో ఒకదాని లోపమును మరియొకటి పూరించును. అదియును లేనివారికి యూరియా పద్ధతి కలదు. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 40 మొదలు 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరలుపొరలుగా చల్లి త్రొక్కి, గాలి చొరకుండ కప్పి 21 దినములు మాగనిచ్చినచో గడ్డి మెత్తబడును. మాంసకృత్తుల పాలు దాదాపు రెట్టింపగును. వేయుటకు ముందు తీసి ఘాటు పోవునట్లు ఆరబెట్టవలెను. ఆఱు నెలలలోపు దూడలకును, గుఱ్ఱములకును దీనిని పెట్టరాదు. యూరియా నీటిని పశువు త్రాగినచో ప్రాణాపాయము.

మేపుటయందును వివేకము కావలెను. 400 కిలోల బరువుగల పాడిగేదెకు దినమునకు నీటిపాలు తీసివేయగా 10 మొదలు 12 కిలోల మేత కావలెను. అందులో సుమారు మూడింట రెండు వంతులు గడ్డి, చొప్ప, పచ్చిమేతలు. మిగిలినది తవుడు, పిండి మొదలగు దాణా. ఆకుహెచ్చైన మంచి గడ్డిని దూడలకు, చూలి పశువులకు, పాడి పశువులకు కేటాయించి, ముతకదానిని పిండి, దాణా తోడుగా వట్టిపోయినవానికి వేయుట న్యాయము. ముక్కలుగా తఱిగినచో గాడిలో వృథా తగ్గును. మేతను ఒక్కదినములో మార్చక, వారము పదిదినములలో పాతదానిని తగ్గించుచు క్రొత్తదానిని పెంచవలెను. కడుపులోని సూక్ష్మజీవులును క్రొత్త మేతకు అలవాటుపడవలెను గదా!

గడ్డిని గూర్చి శ్రద్ధ వహించినవారు దానివలన ఎంత లాభము పొందిరో గరికయే చెప్పును. మనము గట్లపై కలుపుగా పెరికివేయు గరికను అమెరికాలో బెర్ముడా గడ్డి యందురు. జార్జియా రాష్ట్రమున టిఫ్టన్ అను ఊరిలో గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు, అచ్చటి పాత ప్రత్తిచేనిలో దొరికిన గరికను దక్షిణాఫ్రికానుండి వచ్చిన గరికతో సంకరపఱచి, ‘కోస్టల్’ అను క్రొత్త రకమును సాధించెను. 1943లో విడుదలయైన ఆ రకము దక్షిణ అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఎండుగడ్డి పంటగా లక్షల ఎకరములకు వ్యాపించినది. ఎంత మంచి రకమైనను నాలుగైదు వారములకొకసారి కోయనిచో ముదిరి చెడునని అచ్చటి రైతులును నేర్చుకొనిరి. విత్తనము మాఱినను అదను మాఱలేదు.

ఇచ్చట మాత్రము వాములు తఱుగుచున్నవి. కోతయంత్రములు వచ్చి పని సులువైనది; కాని యంత్రము విడిచిన గడ్డి చేనిలో చెల్లాచెదరై, ఏరించుటకు కూలి గిట్టక, పలుచోట్ల అగ్గిపాలగుచున్నది. ఒక జిల్లాలో పొగగా పోవుచున్న గడ్డికై మరియొక జిల్లాలోని కరవు పల్లెలు లారీల రాకకై ఎదురుచూచుచున్నవి. గడ్డిని చుట్టి కట్టలు కట్టు యంత్రములును నేడు వచ్చినవి. వానిని నలుగురు రైతులు కలిసి తెచ్చుకొన్నను, ఊరి చివర బీడులో పూతనాటి పచ్చికను కాపాడి కోసికొన్నను ఈ వైపరీత్యము కొంత తగ్గును.

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలందురు. పశువుల పాకకు ఆ దీపము ఆశ్వయుజ మాసపు రెండు మూడు దినముల వరపు. ఆ దినములలో కొడవలి పట్టిన యింట చైత్రమున దూడ గంతులు వేయును. పట్టని యింట గడ్డికి లోటు లేకపోవచ్చును. పశువు మాత్రము ఆకలితోనే నెమరువేయుచుండును.